ప్రార్థనలో జారిన మాట

"అమ్మమ్మా, నువ్వూ జెస్సీ శనివారం శనివారం ఆటోలెక్కి ఎక్కడికో తిరిగొస్తారంట గదా, అదెట్టా మొదలైంది?"

ఎవరు చెప్పారే నీకు? మీ పిన్ని సువార్త చెప్పి ఉంటది. ఆ, తిరుగుతాం. తిరుగుడంటే పెద్ద ఊళ్ళు కాదులే కీర్తనా. విస్సన్నపేట దాకా, నెమలి గుడి దాకా, అంతే. ఆ దిండు నడుముకి పెట్టుకో, ఆరో నెలలో నడుం గుంజుద్ది. మీ పిన్ని నా కడుపులో ఉన్నప్పుడు నేను ఎనిమిదో నెల దాకా బడికి వెళ్ళి పాఠం చెప్పా, పెనుగొలనులో. అప్పుడు ఆటోలెక్కడియ్యి? బస్సుకి ముప్పావలానో ఎంతో... ముప్పావలా కాదు, అర్ధరూపాయి. ముప్పావలా తర్వాత అయింది. సరే, అది వదిలెయ్.

జెస్సీ సంగతి కదా అడిగావు. పోయిన ఏడు దానికి పద్నాలుగు నిండాయా, ఇంకంతే. అప్పటిదాకా నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల, తలుపేసుకోవటం మొదలెట్టింది. చెవుల్లో ఆ వైర్లు. అన్నం తిన్నావా అంటే 'ఊ'. బడి ఎట్టా ఉంది అంటే 'బానే ఉంది'. వాళ్ళమ్మ సువార్తకి నర్సు డ్యూటీ, వాళ్ళ నాన్న ఆనంద్‌కి బ్యాంకు డ్యూటీ, ఇంట్లో రోజంతా ఉండేది నేనే కదా. నాకు లోపల ఒకటే గుబులు. ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చేశా, ఎందరు పిల్లల్ని చూశా, మాట్లాడే పిల్ల మాట్లాడటం మానేసిందంటే ఏదో ఉంటది. ఏదో ఉందని తెలుసు, ఏంటో తెలీదు. అదే భయం.

ఒక శనివారం, ఒంటిపూట బడి, కళ్ళ చుక్కల మందుకి నాతో సెంటరుకి రావే అని బతిమాలా. షేరాటో ఎక్కాం. సెంటరు వచ్చింది, నేను దిగబోతుంటే అది నా చెయ్యి పట్టుకుని, "దిగొద్దు అమ్మమ్మా, ఇది చివరికి ఎక్కడ ఆగుద్దో చూద్దాం" అంది. నేను డెబ్బై ఏళ్ళుగా ఈ తిరువూరులోనే ఉన్నానా, ఏ ఆటో చివర దాకా వెళ్ళలా. పనున్న చోట దిగటమే గానీ. సరేనని కూర్చున్నా. విస్సన్నపేట పోయి ఆగింది. అక్కడ ఏముందమ్మా, ఏమీ లేదు. మామిడికాయల వాసన, ఒకావిడ పునుగులు వేస్తంది, తిన్నాం. ఇంకో ఆటోలో వచ్చేశాం. మందు మర్చిపోయాం. ఆ రోజు అది నవ్వింది. ఎన్నాళ్ళకో.

అట్టా ప్రతి శనివారం. ఇంకో రోడ్డు, ఇంకో ఆటో. ఒకసారి నెమలి వెళ్ళాం, మనం కిరస్తానీలం కదా, గుడి బయటే అరుగు మీద కూర్చుని పెళ్ళివాళ్ళని చూశాం, వాళ్ళలో ఒకాయన మమ్మల్ని పెళ్ళికొచ్చినవాళ్ళం అనుకుని పులిహోర పెట్టించాడు, తినేశాం. సువార్త విని కేకలేసింది, ఈ వయసులో నీకు ఎండలో తిరుగుడేంటమ్మా అని. మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. జెస్సీ పెట్టిందే. నేను ఏదీ అడక్కూడదు. అది చెప్తే వినాలి, చెప్పకపోతే ఊరుకోవాలి. ఎంత కష్టమో నీకేం తెలుసు! నా నోట్లో నువ్వుగింజ నానదు. మీ తాతయ్య ఉన్నప్పుడు ఆయన రహస్యం ఏదైనా ఉంటే నాకు తప్ప ఊరందరికీ చెప్పుకునేవాడు. నాకు చెప్తే ఇంకా త్వరగా పాకుద్దని.

ఎక్కడున్నా? ఆ. పెనుగొలను. అక్కడ బస్సు షెల్టరు ఉంది చూడు, ఆ అరుగు మీద ఒక శనివారం కూర్చున్నాం ఆటో కోసం. ఎదురుగా కల్లంలో మిరపకాయలు ఆరబోశారు. ఎర్రగా, కళ్ళు మండుతున్నాయి. అది రోడ్డు చూస్తా, నా వైపు తిరక్కుండానే చెప్పింది. "రెండు నెలల నుంచి నేను బళ్ళో మేడ మెట్ల మీద కూర్చుని అన్నం తింటున్నా అమ్మమ్మా. క్లాసులో ఎవరూ నన్ను పిలవట్లా. ఎందుకో నాకే తెలీదు. ఎవరికీ చెప్పకు." అంతే. పొద్దున్నే డబ్బాలో అన్నం పెట్టేది నేను కదమ్మా. వంకాయ పెట్టనా, గుడ్డు పెట్టనా అని చూశా గానీ, ఎక్కడ కూర్చుని తింటందో ఎప్పుడన్నా ఆలోచించానా? చెప్పనులేవే అని తల మీద చెయ్యేశా. నిజంగానే చెప్పకూడదనే అనుకున్నా. సువార్తకి కూడా చెప్పలా. మూడు రోజులు మింగలేక కక్కలేక తిరిగా.

మంగళవారం మా ఇంట్లో కూడిక. నీకు తెలుసుగా, మన సంఘంలో వారానికొకరింట్లో కూడిక, చాపలేస్తారు, పాటలు, వాక్యం, ఆఖర్న ఒక్కొక్కరు గట్టిగా ప్రార్థన. పదిహేను మంది వచ్చారు. నా వంతు వచ్చింది. కళ్ళు మూసుకున్నా. జబ్బుగా ఉన్నవాళ్ళ కోసం చేశా, వానల కోసం చేశా. బానే ఉంది. తర్వాత పిల్లల కోసం మొదలెట్టానా, కన్నీళ్ళు వచ్చేశాయి. కన్నీళ్ళొస్తే నా నోరు నా మాట వినదు. "ప్రభువా, మెట్ల మీద ఒంటరిగా కూర్చుని అన్నం తింటున్న నా బిడ్డ జెస్సీని చూడు తండ్రీ, దాన్ని ఎవరూ పిలవట్లేదు తండ్రీ" అనేశా. మనుషులకి చెప్పట్లేదు కదా, దేవుడికి చెప్తున్నా అనుకున్నా. ఒట్టు. కళ్ళు మూసుకుంటే చుట్టూ ఎవరూ లేరనిపించుద్ది. అందరూ ఆమేన్ అన్నారు. పదిహేను మంది, ఒక్కసారి.

కళ్ళు తెరిచేసరికి వంటింటి గడపలో జెస్సీ, టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను. ఏడవలా. పళ్ళెం తెచ్చి అందరికీ వరసగా టీ ఇచ్చింది, నాకూ ఇచ్చింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

అక్కడితో అయితే బానే ఉండేది. ఆ పదిహేను మందిలో వాళ్ళ క్లాసు పిల్ల తల్లి ఒకావిడ ఉంది. ఆవిడ ఇంటికెళ్ళి కూతుర్ని చీవాట్లు పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఆరుగురు ఆడపిల్లలు డబ్బాలు పట్టుకుని మెట్ల మీదకి వచ్చారంట. "మీ అమ్మమ్మ ప్రార్థన చేసిందంట గదా, అందుకని వచ్చాం" అన్నారంట. పిల్లలు మంచికే అన్నారో ఎగతాళికి అన్నారో నాకు తెలీదు. ఏదైనా ఒకటే కదా. ఆ పిల్లకి జాలి అన్నం తినాల్సి వచ్చింది. ఇది కూడా నాకు అది చెప్పలా, సువార్త బడికెళ్ళి టీచర్ని అడిగితే తెలిసింది.

మూడు శనివారాలు మేం ఎక్కడికీ వెళ్ళలా. నాతో కోపంగా ఉన్నా బాగుండేది. మర్యాదగా ఉంది. మంచినీళ్ళు ఇమ్మంటే ఇచ్చేది, మందు గుర్తు చేసేది, అంతే. మన పిల్ల మనతో మర్యాదగా ఉంటే ఎంత భయమేస్తదో.

నాలుగో శనివారం ఒంటిగంటకి రావాల్సిన పిల్ల రాలా. ఒకటిన్నర అయింది. రెండయింది. పప్పు చల్లారిపోయింది. నేను వాకిట్లోకి, ఇంట్లోకి, వాకిట్లోకి, ఇంట్లోకి. బడికి నడిచి వెళ్తే వాచ్‌మన్ అందరూ వెళ్ళిపోయారమ్మా అన్నాడు. టీవీలో ఏవేవో చూపిస్తారు కదా, అన్నీ కళ్ళ ముందుకి వచ్చాయి. రోడ్డు చూస్తే రోడ్డు భయం, నుయ్యి చూస్తే నుయ్యి భయం. సువార్తకి ఫోను చేద్దామనుకున్నా, చెయ్యలేకపోయా. మళ్ళీ నేను నోరు విప్పితే మళ్ళీ ఊరంతా పాకి, ఆ పిల్ల ఇంకెప్పటికీ నా మొహం చూడదేమో అని. బుద్ధిలేనిదాన్ని. అట్టాంటప్పుడు చెప్పాలమ్మా. పిల్ల కనపడకపోతే ఎవరైనా చెప్పాల్సిందే. కానీ నేను చెప్పలా. ఇంటికి తాళమేసి, ఎదురు కొట్టు రాణితో జెస్సీ కోసం పెనుగొలను వెళ్తున్నానని చెప్పి ఆటో ఎక్కా. ఎందుకు పెనుగొలను అంటే, దాని బాధ అది అక్కడే చెప్పింది కదా, అక్కడే ఉంటదనిపించింది. అంతే నా తెలివి.

దిగా. షెల్టరు ఖాళీ. కల్లంలో ఆడవాళ్ళని అడిగా, యూనిఫాం వేసుకున్న పిల్ల వచ్చిందా అని. లేదన్నారు. సంచీలో ఫోను కోసం వెతికితే బైబిలుంది, కళ్ళజోడు పెట్టె ఉంది, ఫోను లేదు. చార్జింగ్‌లో పెట్టి వచ్చేశా. తిరిగెళ్ళే ఆటో లేదు. ఎండ. ఆ అరుగు మీద కూలబడ్డా. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నా, మాట రాలా కీర్తనా. జీవితంలో మొదటిసారి. నోరు తెరవాలంటే భయమేసింది.

ఎంతసేపు కూర్చున్నానో. తిరువూరు నుంచి ఆటో వచ్చి ఆగింది. జెస్సీ దిగింది. పుస్తకాల సంచీ ఇంకా వీపునే ఉంది. వచ్చి ఎదురుగా నిలబడి, "ఫోను ఇంట్లో పెట్టి ఎవరైనా వెళ్తారా? నీకేమన్నా అయిందేమోనని..." అని ఆగిపోయింది. అది ఎక్కడికీ పోలేదు. బడి నుంచి ఒక్కతే తిరువూరు సందులన్నీ చుట్టి మూడింటికి ఇల్లు చేరింది. ఎందుకే అంటే, నువ్వు లేకుండా తిరిగి చూద్దామని, బాగోలా, అంది. ఇంటికి తాళం, రాణి ఫోను నుంచి నాకు చేస్తే లోపల మోగుతోంది, పెనుగొలను వెళ్ళానని రాణే చెప్పింది. నేను దాని కోసం ఎంత భయపడ్డానో, అది నా కోసం అంతే భయపడి వచ్చింది.

పక్కన కూర్చోబెట్టుకున్నా. నేను పెద్దదాన్నని చూసుకోలా. "ఆ మాట నీది జెస్సీ. నాది కానిది నేను పదిమందికీ పంచిపెట్టా. దేవుడి పేరు చెప్పి తప్పించుకోను. తప్పయిందమ్మా" అన్నా. ఒక ఆటో వచ్చి పోయింది, ఎక్కలా. ఇంకోటి వచ్చి పోయింది. అప్పుడు, రోడ్డు వైపు చూస్తానే, ఇంకో సంగతి చెప్పింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది.

ఏం చెప్పిందా?

చెప్పనమ్మా. నువ్వట్టా చూసినా చెప్పను. నీ దగ్గర నా నోరు ఊరుకోదని తెలుసు, అందుకే పొద్దున దాన్ని అడిగా, కీర్తనక్కకి మన సంగతులు చెప్పొచ్చా అని. మెట్ల సంగతి చెప్పుకో, ఇప్పుడు నాకేం బాధ లేదు, రెండోది మాత్రం వద్దు అంది. దానితో ముందే అన్నా, నీకు ఆపద వచ్చే మాటైతే మాత్రం మీ అమ్మకి చెప్తానే అని, సరేనంది. అట్టాంటిది కాదులే, కంగారుపడకు. సువార్త కూడా అడిగింది, నా కూతురే, నాలుగుసార్లు అడిగింది. దానికీ చెప్పలా. ఎట్టా ఉంటున్నానో నాకే ఆశ్చర్యంగా ఉంది. రాత్రి నిద్ర పట్టదు ఒక్కోసారి. మళ్ళీ జారుద్దేమోనని ఇప్పటికీ భయమే.

ఆ తర్వాత మంగళవారం కూడికలో నా వంతు వచ్చింది. వానల కోసం చేశా, జబ్బుగా ఉన్నవాళ్ళ కోసం చేశా. పిల్లల దగ్గరికొచ్చాక ఆగిపోయా. అందరూ ఎదురుచూస్తున్నారు, ఈవిడ ఇంకా ఏడవలేదేంటని. జెస్సీ నా పక్కనే కూర్చుంది ఆ రోజు. మిగతాది నీకు తెలుసు తండ్రీ, అన్నా. దాని మోకాలు నా మోకాలికి ఆనింది.

నీ కడుపున పడ్డది చల్లగా ఉండాలి. ఆడపిల్లయినా మగపిల్లాడైనా, దానికీ పద్నాలుగేళ్ళు వస్తాయి, తలుపేసుకుంటది, నీకూ నిద్ర పట్టదు. అప్పుడు దాని మనసులో మాట ఒక్కటైనా దాచుకోవటానికి నీ దగ్గరికి రావాలమ్మా. వస్తే నువ్వు... దేవుడు నీకు ఓపికివ్వాలి. నోటికి కూడా.