పెట్టె మొదట ఎవరు తెరిచారన్న సంగతి

నా పేరు లక్కోజు అరుణశ్రీ. తండ్రి పేరు నరసింగరావు. వయసు ఇరవై నాలుగు. ఉండేది శ్రీకాకుళం, బలగ. బీఎస్సీ చదివాను. మా నాన్న తలుపులు, కిటికీలు, దేవుడి మందిరాలు చేసే వర్క్‌షాపులో కొలతలు తీస్తాను, గీతలు గీస్తాను, ఆ పని గురించి ఫోన్లో వీడియోలు తీసి పెడతాను. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టడం వృత్తి కిందకు రాదని హెడ్ కానిస్టేబుల్ గిరిబాబు గారు అన్నారు కాబట్టి అది రాయడం లేదు.

ఈరోజు 2025 డిసెంబరు 3. సమయం ఉదయం 11.20. నరసన్నపేటలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్న కుసుమకుమారి గారు నా మీద ఇచ్చిన ఫిర్యాదు గురించి ఇది నా రెండో వాంగ్మూలం. మొదటిది నవంబరు 25న ఇచ్చాను. ఆవిడ మాకు ఎవరో వాడి తిరిగిచ్చిన మైటర్ సా అనే చెక్క కోసే మిషన్ను కొత్తదని చెప్పి అమ్మారని, ఇంటికి తెచ్చాక పెట్టెను మొదట తెరిచింది నేనేనని అందులో ఉంది. అది తప్పు. చెప్పినప్పుడు నిజమనుకునే చెప్పాను. ఆ రోజు గిరిబాబు గారి చేతిరాతలో నా మాటలు నాకంటే తెలివైన మనిషి చెప్పినట్టు కనబడ్డాయి. అందుకని ఈసారి నేనే రాస్తున్నాను.

మిషన్ ఎందుకు కావాల్సి వచ్చిందో ముందు రాస్తాను. దేవుడి మందిరం మీద శిఖరానికి నాలుగు పలకలుంటాయి. ఒక్కొక్కటీ లోపలికి వాలాలి, పక్క పలకతో మూల దగ్గర కలవాలి. అంటే ఒకే కోతలో రెండు ఏటవాలులు రావాలి. మా నాన్న ముప్పై ఏళ్లుగా దాన్ని చేతిరంపంతో కోస్తున్నారు. ఆయన కుడి భుజం పైకి లేవడం లేదు. బ్లేడు అడ్డంగా తిరగడమే కాకుండా పక్కకు కూడా వాలే కాంపౌండ్ మైటర్ సా అయితే ఆ కోత ఒక్కసారే పడుతుంది. ఏది కొనాలో చూసే పని నాన్న నాకు అప్పగించారు. మా ఇంట్లో నాకు అప్పగించిన మొదటి పెద్ద పని అది.

అక్టోబరు 8 నుంచి రెండడుగుల టేకు బద్ద ఒకటి సంచిలో పెట్టుకుని షాపులు తిరిగాను. బద్దను అడ్డంగా కోసి, ఒక ముక్కను తిరగేసి, రెండో ముక్కకు ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టాలి. మధ్యలో సందు కనబడితే ఆ మిషన్ లంబంగా కోయడం లేదని అర్థం. బ్రోషర్లో ఎన్ని బొమ్మలున్నా సరే. ఇంకా బ్లేడు ఊగుతోందా, మీద ఉన్న కవచం వదలగానే కిందకు దిగుతోందా, రేపు అరిగిపోయే భాగాలు శ్రీకాకుళంలో దొరుకుతాయా అన్నవి చూడాలి.

శ్రీకాకుళంలో యుగంధర్ గారి షాపులో బద్ద బయటికి తీయగానే ఆయన నవ్వారు.

"ఏటి పాపా, కర్ర పట్టుకుని కొట్టడానికొచ్చినావేటి?"

కోసి చూస్తానన్నాను.

"యూట్యూబ్ సూసి వచ్చినట్టున్నావు. ఎల్లి మీ నాన్నని పంపు. మిషన్లు మగోళ్ళు సూసుకుంటారు."

ఇంకో షాపులో నన్ను తీసుకెళ్లిన ఆటో డ్రైవరుకు టీ ఇచ్చి, మిషన్ గురించి వివరాలన్నీ ఆయనకే చెప్పారు. ఆయన బుద్ధిగా తలూపాడు.

అక్టోబరు 17న, ఉదయం 11 గంటలకు, నరసన్నపేటలో కుసుమకుమారి గారి షాపుకి వెళ్లాను. భర్త పోయాక ఆవిడే నడుపుతున్నారు. బద్ద తీస్తే నవ్వలేదు. తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "టేకు మంచిదే, ముక్కలు సేసి పాడుసేసుకోకు" అని తన దగ్గరున్న మామిడి చెక్క ఇచ్చారు. నమూనాకు పెట్టిన రెండు మిషన్ల మీదా నా చేతే కోయించారు. చవక మిషన్ కోసిన ముక్కల మధ్య సందు వచ్చింది.

"ఇది నీకమ్మను. ఆర్నెల్లు పోతే నన్ను తిట్టుకుంటావు" అన్నారు.

రెండోదానిలో సందు లేదు. నేను మూడుసార్లు కోశాను. ఆవిడ మూడుసార్లూ నాతోపాటు వెలుతురుకు ఎత్తి చూశారు.

నవంబరు 12 బుధవారం సాయంత్రం 4 గంటలకు ఆ రకం మిషనే కొన్నాను. ఆవిడ సీలు పెట్టె తెప్పించి ఇలా అన్నారు: "ఇక్కడే ఇప్పి, కోసి సూసుకుని పట్టుకెళ్ళు. నీకూ మంచిది, నాకూ మంచిది." ఆటో ఆగి ఉందని నేను వద్దన్నాను. ఈ మాట నా మొదటి వాంగ్మూలంలో లేదు. నన్ను ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంటికి 6.30కి చేరాను. నాన్న పెట్టె మీద చెయ్యి వేసి, "శుక్రవారం ఇప్పుదాంవే, రోజు బాగుంటాది" అన్నారు. మరునాడు గురువారం నాకు విజయనగరంలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ ఇంటర్వ్యూ ఉంది. ఉదయం 6.40 బస్సుకు వెళ్లి సాయంత్రం 5.30కి తిరిగి వచ్చాను. పెట్టె పెట్టినచోటే ఉంది.

నవంబరు 14 శుక్రవారం ఉదయం 10 గంటలకు పెట్టె తెరవబోతూ ఫోన్ నాన్న చేతికిచ్చాను. నా వీడియోలు ఆయనే తీస్తారు. తెరవకముందే నాకు టేపు మీద టేపు కనబడింది. మిషన్ బయటికి తీస్తే, కోణాల గుర్తులు పెట్టిన పళ్లెం గాడిలో ఎర్రటి పొడి. వేలితో అద్దాను. కుంకుమ. తర్వాత బద్ద కోసి, తిరగేసి ఆనించాను. సందు వచ్చింది. పోస్టుకార్డు దూరేంత. చెక్కను ఆనించే ఇనుప పట్టీ ఒక పక్క వెనక్కి పోయి ఉంది.

నేను గమనించే మనిషినని నాకు గర్వం. టేపు, కుంకుమ, సందు, మూడూ కలిపాను. ఎవరో కొని, పూజ చేసి, పాడుచేసి తిరిగిచ్చేస్తే దాన్నే మాకు అంటగట్టారని కెమెరా ముందే చెప్పాను. షాపు పేరు చెప్పాను. ఆవిడ పేరు చెప్పాను. "ఆడమనిషి కదా అని నమ్మాను" అని కూడా అన్నాను. ఆ మాట నన్ను ఎవరూ అనమనలేదు.

అప్పుడు నాన్న నాకు రెండడుగుల దూరంలో, ఫోన్ పట్టుకుని ఉన్నారు. వీడియోలో నలభై ఏడో సెకను దగ్గర, నేను కుంకుమ చూపిస్తున్నప్పుడు, బొమ్మ పక్కకు జారి మళ్లీ నిలబడుతుంది. నేను దాన్ని భుజం నొప్పి అనుకున్నాను.

ఆ వీడియోను వారంలో అరవై ఒక్క వేల మంది చూశారు. యుగంధర్ గారు దాన్ని వడ్రంగుల వాట్సాప్ గ్రూపుల్లో పంపారు. నాతో "మీ నాన్నని పంపు" అన్న మనిషే, కింద "శభాష్ చెల్లెమ్మా" అని రాశారు. నేను దానికి దండం బొమ్మ పెట్టాను.

నవంబరు 19న, సాయంత్రం 5 గంటలకు, కుసుమకుమారి గారు మా ఇంటికి వచ్చారు. చెప్పులు వాకిట్లో విడిచి, గుమ్మంలోనే నిలబడ్డారు.

"నా కొట్లో ఆ పెట్టె తెరవనేదమ్మా. ఎవులు తెరిసినారో కనుక్కో. ఇంట్లో ఓసారి అడుగు."

"అంటే మేమే పాడుచేసి మీమీద పెడుతున్నామా?" అన్నాను.

"నానలా అననేదు. అడగమన్నాను."

"కెమెరా ముందు తెరిచానండీ. లోకమంతా చూసింది."

ఆవిడ లోపలికి తొంగి చూసి, "నరసింగరావు గారూ, ఓ మాట సెప్పండి" అన్నారు. నాన్న లోపలి గదిలో ఉన్నారు. బయటికి రాలేదు. ఒంట్లో బాగోలేదని నేనే చెప్పి పంపేశాను. నవంబరు 24న ఆవిడ ఫిర్యాదు ఇచ్చారు. 25న నేనూ నాన్నా ఇక్కడికి వచ్చి ఒకే మాట చెప్పాం.

డిసెంబరు 1 సోమవారం, ఒక ఇంటి గుమ్మం కొలతలకు శ్రీకూర్మం వెళ్లాను. గుడి ముందు కొబ్బరికాయలు అమ్మే గున్నమ్మకు మా నాన్నే బల్ల చేసి ఇచ్చారు. ఉదయం 10 గంటలప్పుడు నన్ను చూసి పిలిచింది.

"ఓలమ్మా, ఆ మిషన్ బాగానే ఉన్నాదేటి?"

"ఏ మిషనూ?"

"అదేనే, మీ నాన్న పూజకి తెచ్చినాడు కదా, కోత మిషను. పూజ బాగానే అయిపోనాది. మళ్ళీ పెట్టెలో ఎట్టి బండికి కట్టినాడు. ఆ తాడు నానే ఇచ్చినాను. మలుపు కాడ గతుకులో జారిపోయి డబ్బుమని పడిపోనాది. నానొక కొస పట్టుకుని లేపినాను. ఏం బరువే బాబూ, నడుం పట్టీసింది."

ఏ రోజని అడిగాను. తన చెల్లెలి కూతురు సంబంధం వాళ్లు వచ్చిన గురువారం అంది. నవంబరు 13.

అదే రోజు సాయంత్రం 7 గంటలకు వర్క్‌షాపులో నాన్నను అడిగాను. ఆయన ఒక చెక్కను గరుకు కాగితంతో రుద్దుతున్నారు. రుద్దడం ఆపలేదు.

"శ్రీకూర్మం ఎందుకు తీసుకెళ్ళావు?"

"కొత్త బండి కొంటే తీసుకెళ్ళమేటి? ఇదీ అంతే. పదునున్న సామాను. నువ్వు దాని కాడ పనిసేస్తావు."

"నాకెందుకు చెప్పలేదు?"

"డ్రిల్లింగ్ మిషన్‌కి నిమ్మకాయ కడితే ఏటి సేసినావు? లోకానికి సూపించి నవ్వించినావు."

అది నిజం. రెండేళ్ల క్రితం "మా నాన్న డ్రిల్లుకు దిష్టి తగిలిందట" అని వీడియో పెట్టాను. నాలుగు వేల మంది నవ్వారు.

"సరే, పడిపోయిందని నేను తెరిచినప్పుడైనా చెప్పొచ్చు కదా. ఫోన్ నీ చేతిలోనే ఉంది కదా నాన్నా."

"సెబుదామనే అనుకున్నాను. నువ్వు ఆగలేదు."

"తర్వాత?"

అప్పుడు రుద్దడం ఆపారు. "తర్వాత అందరూ ఫోన్లు సేసినారే. నరసింగరావు కూతురు ఎంత తెలివైందోనని. ముప్పై ఏళ్ళు పనిసేసినాను, నా పేరు బలగ దాటనేదు. అప్పుడు నీ మాట తప్పని నానెలాగ సెప్పనే?"

నేను తిట్టాను. ఏమని తిట్టానో ఇక్కడ రాయనవసరం లేదు.

డిసెంబరు 2న, ఉదయం 10 గంటలకు, కుసుమకుమారి గారి షాపుకి వెళ్లాను. మిషన్లు పెట్టే అర ఖాళీగా ఉంది. వీడియో చూసి, మిషన్ కంపెనీ వాళ్లు తమ మిషన్లూ బోర్డూ తీసుకుపోయారు. మేకులు, బోల్టులు మాత్రం ఉన్నాయి. జరిగింది చెప్పాను. క్షమించమన్నాను.

ఆవిడ మేకుల డబ్బాలు సర్దడం పూర్తిచేశారు. తర్వాత అన్నారు: "నువ్వు మొదటిరోజు బద్ద పట్టుకుని వచ్చినప్పుడు మా సెల్లికి ఫోన్ సేసి సెప్పినానమ్మా, ఇలాంటి పిల్ల వచ్చిందని. క్షమాపణ నానేటి సేసుకోను? ఆ పెట్టె ఎవులు తెరిసినారో స్టేషన్లో కాగితం మీద రాసియ్యి. కంపెనీకి పంపాల. అది నేకపోతే ఇంకెవరూ నాకు సరుకియ్యరు."

అదే మధ్యాహ్నం అసలు జరిగింది చెబుతూ రెండో వీడియో పెట్టాను. ఫోన్ నేనే బల్లకు ఆనించుకున్నాను. ఈ ఉదయం స్టేషన్‌కు వచ్చేసరికి దాన్ని చూసినవాళ్లు రెండు వందల పన్నెండు మంది. మొదటిదాన్ని తీసేయమని గిరిబాబు గారు సలహా ఇచ్చారు. తీసేశాను. కానీ అది ఇప్పటికే గ్రూపుల్లో ఉంది. అక్కడి నుంచి తీయడం నా చేతిలో లేదు.

ఈ ఉదయం 8 గంటలకు నాన్న అన్నారు: "రాజీ పడిపోదామే. పొరపాటైపోనాదని సెప్పు, సాలు. పెట్టె నాను తెరిసినానని రాస్తే రేపు నాకు పనెవులిస్తారు? అబద్ధం సాక్ష్యం సెప్పిన వడ్రంగి అంటారు." ఆయన భయం నిజమైనదే. పొరపాటు అని మాత్రమే రాస్తే కంపెనీ వాళ్లకు ఎవరి పొరపాటో తెలియదు. ఆవిడ అర అలాగే ఉంటుంది.

కాబట్టి రాస్తున్నాను. పెట్టెను మొదట తెరిచింది మా నాన్న లక్కోజు నరసింగరావు. నవంబరు 13 గురువారం, పూజ కోసం, శ్రీకూర్మంలో. తిరిగి టేపు వేసింది ఆయనే. మిషన్ దెబ్బతిన్నది మా బండి మీద నుంచి పడి. నాకు అమ్మినప్పుడు అది కొత్తది, సరైనది. ఆవిడ అక్కడే కోసి చూసుకోమన్నారు, నేను వద్దన్నాను. ఇంట్లో అడగమన్నారు, నేను అడగలేదు. ఊళ్లు తిరిగి మిషన్లను పరీక్షించాను, మా ఇంట్లో మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. నాతో సరిగ్గా మాట్లాడిన ఒకే ఒక్క షాపును నేనే ఖాళీ చేయించాను.

ఇది రాయడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం 1.10 అయింది. అప్పటికి నాన్న బయట బెంచీ మీద ఉన్నారు. సాక్షిగా సంతకం చేయమని గిరిబాబు గారు కాగితం పట్టుకెళ్లారు. నాన్న మొత్తం చదివారట. కొన్నిచోట్ల రెండోసారి చదివారట. తర్వాత కాగితం తిరిగి ఇచ్చేసి, మెట్లు దిగి వెళ్లిపోయారట. నాన్న సంతకం లేకపోయినా ఈ కాగితం ఆవిడకు పనికొస్తుందా అని అడిగాను. పనికొస్తుందని గిరిబాబు గారు అన్నారు. ఒక నకలు ఈరోజే ఆవిడకు ఇవ్వమని కోరుతున్నాను.

పైన రాసినదంతా నా చేతిరాత. చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు రాశాను. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. మళ్లీ చదువుకున్నాను, కొట్టివేతలు లేవు. మొదటి వాంగ్మూలంలో దీనికి భిన్నంగా ఉన్న ప్రతి మాటా తప్పని ఒప్పుకుంటూ సంతకం చేస్తున్నాను.

(సంతకం) లక్కోజు అరుణశ్రీ
నరసన్నపేట, 3-12-2025, మధ్యాహ్నం 1.25

నా సమక్షంలో రాసి సంతకం చేశారు: గిరిబాబు, హెడ్ కానిస్టేబుల్
సాక్షి: (ఖాళీ)