రేకుల మీదికెక్కిన సారు

ఏందీ దేవకృపా, మొకం గట్ల పెట్టుకొని వస్తున్నవ్? మళ్ల తిప్పి పంపిండ్రా? కూసో. చెప్పులు ఆడనే ఇడువు, ఇప్పుడే తుడిచిన. కాప్రా దిక్కు షెడ్డు కిరాయికి తీస్కున్నవ్, పేపర్ ప్లేట్ల మిషన్ తెచ్చి పెట్టినవ్, అదేమో బరకం కప్పుకొని కూసున్నది. మిషన్ కన్న ముందు నువ్వే తుప్పు పట్టెటట్టున్నవ్. నవ్వకు, నిజం చెప్తున్న. ఇంతకూ ఏమన్నరు? కరెంటోళ్లు మున్సిపాలిటీ కాయిదం తెమ్మన్నరు, మున్సిపాలిటోళ్లు కరెంటు కాయిదం తెమ్మన్నరు, గంతేనా? ఇది కొత్తదా బిడ్డా? మీ అమ్మమ్మ, అదే మా చెల్లె రోసమ్మ, లంగా ఓణీలేసుకున్న నాటి నుంచి ఉన్న ఆటనే ఇది. ఇప్పుడు సింగిల్ విండో అంటున్నరు, ఒక్క కిటికీ కాడ నిలబడితే అన్నీ చేతిల పెడ్తరంట. మంచిదే. నాకు సుత అప్పట్ల ఒక సింగిల్ విండో ఉండె. దానికి రెండు కాళ్లు, ఒక పాత స్కూటర్, చేతిల టిఫిన్ డబ్బ. పేరు బ్రహ్మచారి. పేరుకే బ్రహ్మచారి, ఇంట్ల పెండ్లాం, ఇల్లంత పిల్లలు. నువ్వు చూడలే ఆయన్ని, నువ్వు పుట్టకముందే పోయిండు. చాయ్ తాగుతవా? పాలు లేవు, నల్లచాయే. సరే, తర్వాత పెడ్త.

రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తున్న రోజులు. మీ రిచర్డ్ తాత స్టేషన్ దిక్కు ఒక బేకరీల భట్టీ కాడ పని చేస్తుండె. సేటు ముసలోడైండు, దుకాణం అమ్ముకొని కొడుకు కాడికి పోయిండు. కొన్నోడు ఆడ బట్టల షాపు పెట్టిండు. ఇగ ఈయనకు బ్రెడ్డు, బన్ను తప్ప ఇంకో పని రాదాయె. బొంబాయిల హోటల్ల పని ఇప్పిస్తా అని మా ఆడబిడ్డ మొగడు కబురు పెట్టిండు. ఈయన పెట్టె దించి దుమ్ము దులుపుతున్నడు. నాకు కోపమొచ్చింది. పెండ్లి చేసుకున్నది పద్మారావు నగర్ల ఉండెటందుకు గానీ బొంబాయికి ఉత్తరాలు రాసెటందుకు కాదు గదా. మన ఇంటెనక రేకుల రూముల భట్టీ కడదామన్న. ఈయన ముందుగాల నవ్విండు, తర్వాత పెట్టె మీద కూసొని ఆలోచన చేసిండు. ఆఖరికి ఏమన్నడంటే, సరే మేబెల్, క్రిస్మస్ దాక చూస్త, గప్పటికి భట్టీ మండకపోతే నేను బొంబాయి రైలెక్కుత, నువ్వు ఏడ్వొద్దు, మా అమ్మతోటి చెప్పించొద్దు. నేను ఒప్పుకున్న.

క్రిస్మస్ ఎందుకంటే, అప్పట్ల ఎవరింట్ల ఓవెన్లుండె? మనోళ్లంత ఇంట్ల కేకు పిండి కలిపి, గిన్నెలల్ల పోసి, నెత్తిన పెట్టుకొని బేకరీకి పోవుడు. గిన్నెకు పేరు చీటీ అంటించుడు, కాలినంక నా కేకుల కిస్మిస్ తక్కువున్నది, ఇది నాది కాదని కొట్లాడుడు. మస్తు మజా ఉండె తియ్. డిసెంబర్‌ల ఆ గిన్నెలన్నీ మన భట్టీకి వచ్చినయంటే ఏడాదంత బ్రెడ్డుకు సుత మన గుమ్మమే తొక్కుతరు. రాకపోతే ఇగ ఎవరొస్తరు? చర్చిల అందరికీ చెప్పిన, ఈసారి మా ఇంటికే తేండ్రి అని. భట్టీ కట్టినం. కట్టినంక తెలిసింది, లైసెన్సు కావాలె అని.

ఇగ తిరుగుడు షురూ. ఈ ఆఫీసుకు పోతే ఆ ఆఫీసు, ఆడికి పోతే సారు క్యాంపు. ఒకడైతే, బేకరీ పరిశ్రమ కిందికి వస్తదా దుకాణం కిందికి వస్తదా అని నన్నే అడిగిండు. నాకేమెరుక? ఆఖరికి ఒక ప్యూన్ జాలి పడి చెప్పిండు, అమ్మా, పరిశ్రమల ఆఫీసుల కొత్తగ పని పెట్టుకునెటోళ్లకు తోవ చూపెటందుకే ఒక సారున్నడు, ఆడికి పో అని. పోయిన. పోయి ఆ బల్ల ముంగట నిలబడి, నాలుగు ఆఫీసుల మీది కోపమంత ఆయన మీదనే తీసిన. ఆయనే బ్రహ్మచారి. సన్నగున్నడు మనిషి, నుదుట బొట్టు, అంగీ జేబుల సిరా మరక. అంత ఇన్నడు. ఇని, కుర్చీ చూపెట్టి, నిమ్మలంగ ఏమన్నడంటే, “అమ్మా, కోపం మంచిదే, కానీ తప్పు ఆఫీసుల తెచ్చుకున్నరు. పదండ్రి, అది తెచ్చుకోవాల్సిన ఆఫీసుకు పోదాం.”

ఆ దినం నుంచి ఆయన స్కూటర్ మీద, నేను బస్సుల. నాకన్న ముందే పోయి ఆడ బెంచీ మీద కూసుండెటోడు. ముందుగాల తన ఆఫీసుల టెంపరరీ రిజిస్ట్రేషన్ ఇచ్చిండు. అది పట్టుకొని కరెంటాఫీసుకు పోయినం. ఆడి సారు రేపు రమ్మన్నడు. బ్రహ్మచారి సారు టిఫిన్ డబ్బ మూత తీసి, “సరే సార్, నేనీడనే తింట, మీరు పని చూసుకోండ్రి” అన్నడు. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. ఆ వాసనకే కరెంటు సారు సంతకం పెట్టిండనుకుంట. నేను దండం పెట్టబోతే బ్రహ్మచారి సారు చెయ్యి అడ్డం పెట్టిండు. “మెహర్బానీ ఏం లేదమ్మా. ఇది నా నౌకరీ. సర్కారు నాకు జీతమిచ్చేది మీ ఎంట తిరిగెటందుకే” అన్నడు. గట్ల చెప్పినోన్ని అంతకు ముందు చూడలే, తర్వాత సుత చూడలే.

ఇగ మిగిలింది మున్సిపాలిటీ హెల్త్ ఇన్స్పెక్టర్. రామభద్రరావు. కోస్తా మనిషి, నిఖార్సు మనిషి, ఎవరి చాయ్ సుత ముట్టడని పేరు. డిసెంబర్ పడ్డంక వచ్చిండు. భట్టీ చూసిండు, మోరీ చూసిండు, మా గోడ మీద బల్లిని సుత చూసిండు. “చూస్తానండీ, రాస్తానండీ” అని మంచినీళ్లు సుత తాగకుండ పోయిండు. మా అత్తమ్మ సువార్తమ్మ గడప కాడ నిలబడి చూస్తున్నది. మన ఇండ్లల్ల నీకెరుకనే గదా, క్రిస్మస్ నెల పడ్డంక గడప తొక్కినోన్ని వట్టి నోటితోటి పంపుతరా? ఆమె పాణం ఒప్పలే. పిండిల అచ్చు ముంచి నూనెల గులాబి పూలు వండింది, అరిసెలు పెట్టింది, డబ్బ నింపి, నాకు చెప్పకుండ, రిక్షా మాట్లాడుకొని ఆ ఆఫీసుకే పోయి ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది. వచ్చి నాతోటి, పాపం పిల్లగాడు బక్కగున్నడే అన్నది.

అనుకున్నంతా అయింది. ఆయన ఆ డబ్బకు తాడు కట్టి, లక్కసీలేసి, బీరువల పెట్టిండు. లంచం ఇయ్యజూసిండ్రని రాస్తున్నడంట. మీ తాత మంచం కిందికెల్లి మళ్ల పెట్టె గుంజిండు. నేను ఆ పెట్టెను కాలితోటి లోపలికి నూకి, ఉరుక్కుంట బ్రహ్మచారి సారు కాడికి పోయిన. ఆయన బతిమిలాడుదామని అనలే, పైకెల్లి చెప్పిద్దామని అనలే. పోయి ఇన్స్పెక్టర్‌తోటి ఒక్కటే మాటన్నడు. “సార్, మీరు రాయండ్రి. కానీ ముందుగాల డబ్బ ఇచ్చినామెకు మీ చేతులతోనే వాపస్ ఇయ్యండ్రి. నేను సాక్షిగ వస్త.”

ఇద్దరూ వచ్చిండ్రు. రామభద్రరావు సీలేసిన డబ్బ ముంగట పట్టుకొని, “చూడండమ్మా, ఇది పద్ధతి కాదండీ, మేం ఇలాంటివి తీసుకోమండీ” అంటున్నడు. మా అత్తమ్మ డబ్బ దిక్కు చూసింది, ఆయన దిక్కు చూసింది. ఇగ అందుకున్నది చూడు. “ఏమయ్యా, పెట్టిన తిండి ఎవడన్న నిండు డబ్బతోటి వాపస్ తెస్తడా? పక్కింటి అనసూయమ్మ పళ్లెం వాపస్ ఇస్తే పిడికెడు చక్కెరన్న ఏసిస్తది. నువ్వు తాళ్లు కట్టి, లక్క పూసి తెస్తవా? నీకు మీ అమ్మ గిదే నేర్పిందా? నేను తినమంటే తప్పా? లైసెన్సు ఇయ్యకుంటే మానె, పో, కానీ అన్నాన్ని అవమానం చేస్తవా?” సందంత బయటికొచ్చింది. ఆ మనిషి చేతులల్ల డబ్బ ఎటు పెట్టాలెనో తెల్వక నిలబడ్డడు. బ్రహ్మచారి సారు మెల్లగ ఆయన చెవి కాడ, “సార్, లంచమిచ్చినోళ్లు గిట్ల తిడ్తరా?” అన్నడు. రామభద్రరావు అరుగు మీద కూలబడ్డడు. నన్ను ఇట్లా ఎవరన్న తిట్టి ఏండ్లయింది అన్నడు, మా అమ్మ పోయినకాడి నుంచి అన్నడు. అని తానే తాడు తెంపి ఒక్క గులాబి పువ్వు తిన్నడు. ఒక్కటే. మిగిలింది అత్తమ్మకే ఇచ్చిండు.

గంత మాత్రాన సంతకం పెట్టిండనుకుంటున్నవా? పెట్టలే. లేచి మళ్ల భట్టీ చూసి, “పొగగొట్టం పక్కింటి మేడ కిటికీకన్నా కిందుందండీ, పొగంతా వాళ్లింట్లోకే పోతుంది. ఎత్తు చేయించండి, చేస్తే రేపే సంతకం” అన్నడు. తప్పేం లేదు, న్యాయమే. కానీ క్రిస్మస్ దగ్గరకొచ్చింది, పండుగ ముంగట మేస్త్రీ దొరుకుతడా? బ్రహ్మచారి సారు తమ్మునిది రేకుల పని దుకాణం. పొద్దుగాల సారు స్కూటర్ మీద పొడుగు గొట్టం తాడుతోటి కట్టుకొని వచ్చిండు. మీ తాతకు ఎత్తంటే కళ్లు తిరుగుతయ్, నిచ్చెన పట్టుకొని కిందనే నిలబడ్డడు. సారు ప్యాంటు మోకాళ్ల దాక మలుచుకున్నడు, చెప్పులిడిచిండు, ఎక్కిండు. గెజిటెడో ఏందో నాకెరుక లేదు గానీ, సర్కారు ఆఫీసరు మా రేకుల మీద కోతి లెక్క కూసొని తీగె చుట్టుతున్నడు. కిందికెల్లి అత్తమ్మ, ఆ మూల తుప్పు పట్టింది బిడ్డా, కాలు చూసి పెట్టు అని ఒర్లుతున్నది. ఆయన పైనుంచి, తోవ చూపెట్టుడంటే గిది సుతనే అమ్మా అని నవ్వుతున్నడు.

సంతకమైంది. భట్టీ మండింది. సందు చివరి దాక గిన్నెలు నెత్తిన పెట్టుకొని ఆడోళ్లు నిలబడ్డరు. మీ తాత బొంబాయి పెట్టెల బట్టలకు బదులు మైదా పోసిన. సారుకు కేకు ఇయ్యబోతే గుడ్డు తిననన్నడు, బన్ను ఇయ్యబోతే ఇప్పుడొద్దన్నడు. కొత్త సంవత్సరమైనంక అందరి లెక్క లైన్ల నిలబడి, పైసలిచ్చి బ్రెడ్డు కొనుక్కపోయిండు. అప్పటికెల్లి ప్రతి వారం కొన్నడు.

ఆయన పోయిన కబురు సుత డిసెంబర్‌లనే వచ్చింది. రిటైరైనంకనే, గుండెపోటు. పొద్దున్నే, గిన్నెలన్నీ గుమ్మం ముంగట వరుసగున్నయ్. మీ తాత కండ్లు తుడుచుకొని, ఇయ్యాల ఒక్క దినం బంద్ పెడదాం మేబెల్, మర్యాద అన్నడు. అందరూ గదే అన్నరు. సారును సాగనంపెటందుకు మీ తాతను పంపిన. నేను పోలే. కట్టెలేసి భట్టీ ముట్టిచ్చిన. ఏడ్చుకుంటనే ముట్టిచ్చిన. ఆ మనిషి మా రేకుల మీదికి ఎక్కింది ఈ పొగ రావాలెననే గదా. ఆ దినం గూడ గొట్టం నుంచి పొగ సక్కగ పైకి పోయింది బిడ్డా. నేను బయటికొచ్చి చూసిన...

సరే తియ్. నీ కాయిదాలు ఇటియ్యి. ఇప్పుడు నిన్ను తిప్పి పంపిన ఆ ఆఫీసుకు ఏ బస్సు పోతది?