సందమామ మచ్చ, మా స్లాగు పిట్టు

"తాతా, స్లాగు పోసాక ఎలా గట్టిపడుతుంది? రికార్డ్ కర్ రహీ హూఁ, బోలో నా."

ఏటే గుంటా, రికార్డు సేత్తన్నావా? నీకిప్పుడు స్లాగు కావలసొచ్చిందేటి? నాను ఉక్కు ఫేక్టరీలో రిటైరై పదారేళ్ళయినాది, ఈ ఇంట్లో ఒక్కలూ అడగలేదు. మీ నాన్నకైతే నాను ఒంటినిండా మసితో ఇంటికొచ్చేవోడినని తెలుసు, ఆ మసి ఎక్కడిదో తెలీదు. సరే కూకో. ఆ కుర్సీ ఒద్దు, దాని కాలు ఊగతంది. ఇలగ రా.

ఏటి సూపిత్తన్నావు ఫోన్లో? సందమామ ఫోటోనా? ఈ నల్లటిది మైదానమా! కుందేలు కాదేటి? లావా పారి గడ్డకట్టిందా? ఓలమ్మా, అయితే ఇది నాకు తెలిసిన పనే గదే. రేపు కాలేజీలో నువ్వు నిలబడి సెప్పాల్సింది ఇదేనా? మరి బేగి అడగొద్దా, జియాలజీ పిల్లా!

ఇను. బ్లాస్ట్ ఫర్నేసులో అంతా కరిగినాక, బరువైన ఇనుము అడుక్కి దిగిపోద్ది, తేలికది పైకి తేల్తాది. ఆ తేలిందే స్లాగు. పప్పు ఉడికినప్పుడు మీ మామ్మ పైన నురుగు తీసి పారబోత్తాది గదా, అలగన్నమాట. దాన్ని పక్కనున్న పిట్టులోకి, అంటే పెద్ద గోతిలోకి, ఒదిలేవోళ్ళం. ఏటి పారకం, ఏటి పారకం! ఎక్కడ పల్లముంటే అక్కడికే. నిండినాక పైన సాపుగా కేరంబోర్డులాగ ఉండేది. కాబట్టి నీ సందమామ మీద ఈ నలుపంతా స్లాగే. రాసేసుకో.

"నహీఁ తాతా, ఉల్టా హై! తేలింది ఆ తెల్లది."

ఆఁ? ఏటీ? మళ్ళీ సెప్పు. సందమామ పైభాగమంతా ఒకప్పుడు కరిగే ఉండేదా? తేలికరాయి తేలి ఈ తెల్లదైందా? ఆ తరవాత పెద్ద పెద్ద రాళ్ళొచ్చి గుద్దితే గోతులు పడినాయి... ఎన్నో కోట్ల ఏళ్ళకి అడుగున ఇనుము ఎక్కువున్న రాయి కరిగి, పగుళ్ళలోంచి పైకొచ్చి ఆ గోతులు నింపినాదా? పొర మీద పొరా? హరి హరీ! అయితే తెల్లదే స్లాగన్నమాట. నలభయ్యేళ్ళు ఆ పని సేసి, ఇరవయ్యేళ్ళ గుంటసేత తప్పు దిద్దించుకున్నాను. మీ మామ్మకి సెప్పకు, ఊరంతా సాటింపేత్తాది.

మరి ఈ గీతలేటి? బరువుకి నడుమ కుంగితే పైన ముడతలు పడినాయా? మా పిట్టులో కూడా పడేవి, పాల మీద మీగడ జరిగినట్టు. అదిగో, ఆ ముడతలే నా కొంప ముంచినాయి.

కొత్తగా సేరిన రోజులు. టీ పదిహేను పైసలు... కాదు కాదు, కేంటీన్లో పది, గేటు బయట పదిహేను. మా గ్యాంగుకి మేటు, అంటే పెద్ద, మీ మామ్మ వాళ్ళ నాన్న. టెక్కలి వైపు మనిషి, నవ్వగా ఎవరూ సూడలేదు. మా అమ్మ ఎల్లి సంబంధం అడిగితే, "మీవోడిని పిట్టు దగ్గిర సూసి సెప్తాను" అన్నాడు. జాతకం అడగలేదు. పెళ్ళికొడుకుని పిట్టు దగ్గిర సూసేవోళ్ళుంటారేటే ఎక్కడైనా?

నానేమో కంపెనీ బూట్లు ఒగ్గేసి, ఊళ్ళో సాకిచీ బజార్లో పద్దెనిమిది రూపాయలెట్టి కొన్న కొత్త బూట్లేసుకుని ఎల్లినాను. పొద్దున్న పోసిన స్లాగు. పైనంతా నలుపు, ముడతలు కూడా పడిపోయినాయి. "నడవొచ్చేటిరా?" అన్నాడు. "నల్లబడిపోనాది గద మామా, సల్లారినట్టే" అన్నాను. అప్పటికే మామా అనీసినాను, సూడు నా తొందర! ఆయన నోరు తెరిసేలోపే దిగీసినాను. రెండడుగులు బాగానే పడినాయి. మూడో అడుక్కి పొర పగిలింది, కిందంతా ఎర్రగా నిప్పు! బూటు అందులో ఉండిపోనాది. నన్ను మాత్రం ఆయన కాలరు పట్టి ఎనక్కి లాగీసినాడు.

"నలుపుకీ సల్లదనానికీ తేడా తెలీనోడికి నా పిల్లనివ్వను, పో" అన్నాడు.

నవ్వకే. నాకప్పుడు ఏడుపొచ్చీసింది. మా పేట కాసిడీహ్ లో నీళ్ళ పంపు కాడ మీ మామ్మని సూసిన కాణ్ణించీ నాకు ఇంకెవులూ ఒద్దు. నిజం సెప్తన్నాను.

అప్పట్నుంచి ఏడాది పాటు గునపం పట్టుకుని నేర్సుకున్నాను. గట్టు మీంచి పొడుగాటి గునపంతో కొట్టి ఇనాల. కింద ఇంకా పచ్చిగా ఉంటే మొద్దుగా మోగుద్ది, గట్టిపడితే ఖంగుమంటాది. నాను కొట్టి "ఒద్దు" అనేవోడిని, "నడవొచ్చు" అనేవోడిని. ఆయన నా ఎనకే వచ్చి, తన గునపంతో మళ్ళీ కొట్టి సూసుకునేవోడు. ఏడాదంతా! ఎంత మండేదో నాకు.

ఒకరోజు స్లాగు ఎత్తడానికి పక్కూరు గమ్హరియా నుంచి లారీలొచ్చి నిలబడినాయి. ఫోర్మేన్ జల్దీ జల్దీ అని గంతులేత్తన్నాడు. పైన సూత్తే కారునలుపు. కొట్టినాను. మోత నాకు నచ్చలేదు. "ఒద్దు" అన్నాను. ఫోర్మేన్ తిట్టిన తిట్లు ఆడపిల్లకి సెప్పకూడదులే. మేటు తన గునపం ముట్టుకోలేదు. "ఆడు ఒద్దన్నాడు గదా, ఆగండి" అన్నాడు, అంతే.

మద్దేన్నం మళ్ళీ గట్టు సుట్టూ తిరిగి కొట్టినాను. నాలుగు పక్కలా. ఇంకోసారి. "నడవొచ్చు" అన్నాను. ఆయన గునపం గోడకి ఆనించి, కిందకి సూడకుండా ఆ స్లాగు మీద నడిసెల్లిపోనాడు. నడుమకెల్లీసరికి కళ్ళు మూసీసుకున్నాను. అవతల గట్టెక్కి, ఎనక్కి తిరక్కుండానే అరిసినాడు, "మీ అమ్మని ఆదివారం మా ఇంటికి రమ్మనరా!"

మరేటి... అంతే. రేపు నువ్వు తెలిసింది గట్టిగా సెప్పు, తెలీంది తెలీదను, ఎవడు గంతులేసినా సరే. నీ మాట మీద నలుగురు కిందకి సూడకుండా నడవాల. నూరేళ్ళు బతుకు, నా తల్లీ.