సింహాన్ని తుమ్మించిన తాలింపు

“నేను పెద్దగా చేసిందేం లేదు లేమ్మా. వేట కంపెనీని ఎంచి పెట్టినా, అంతే,” అంది అమ్మణ్ణక్క, గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుంటూ.

అమ్మణ్ణక్క ఇంత తగ్గి మాట్లాడిందంటే వెనకాల పెద్దదేదో రాబోతోందని మా అందరికీ తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం, వాడి కబీర్ పేటలో రమణి వాళ్ల బాల్కనీ. తిన్న కంచాలు ఇంకా తియ్యలేదు. ఇంటావిడ రమణి, ఆస్పత్రిలో నర్సు పని చేసే ఫేబా, అమ్మణ్ణక్క, నేను. అక్కా నేనూ అజైబాలో ఒకే కాంపౌండులో ఉన్న అన్నదమ్ముల ఇళ్లలో పనిచేస్తాం. ఆవిడది అన్న ఖల్ఫాన్ బాబా ఇంట్లో వంట, నాది తమ్ముడి ఇంట్లో పిల్లల్ని చూసుకోవడం; ఇక్కడ యజమానిని బాబా అంటాం.

కథ చెప్పమని అడిగింది నేనే. మా బాబా వాళ్లు డిసెంబరులో పోయినసారి కంపెనీతోనే మళ్లీ ఆఫ్రికాకి వేటకి వెళ్తున్నారు. పెద్ద బాబాకి మోకాళ్ల నొప్పులు, ఈసారి రావడం లేదు కాబట్టి అక్కని పిలవలేదు. “నువ్వు రా ఆశా, వంటకీ పిల్లలకీ,” అంది మా మేడం. వెళ్తే ఇంటికెళ్లే నా ఛుట్టీ రంజాన్ తర్వాతకి జరుగుతుంది. డిసెంబరులోనే రాజోలులో మా చెల్లికి కానుపు. దానికి నేను, నాకు అది, మూడో మనిషి లేదు. వెళ్లనని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలాలి నిజానికి. కానీ ఈ గల్ఫు దేశాన్ని నేను వచ్చినప్పటినుంచీ కారు నల్లద్దంలోంచి, పిల్లల తలల మధ్య సందులోంచి చూస్తున్నాను. ఒక్కసారి, అడ్డం ఏదీ లేకుండా, ఏదైనా ఎదురుగా చూడాలని ఉంది. ఏనుగో, దున్నో, ఎంత దూరం చూసినా ఆగని నేలో. ఈ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, చెల్లికంటే అది ఎక్కువా అని అడుగుతారని.

మగ్రిబ్ నమాజు వేళకి, పొద్దు వాలేసరికి, డ్రైవరు వచ్చేస్తాడు. ఆలోపు మేడంకి ఏదో ఒకటి చెప్పాలి. అక్కడికి వెళ్లొచ్చిన మనిషి నాకు తెలిసినవాళ్లలో అమ్మణ్ణక్క ఒక్కతే.

“చెప్పు అక్కా. అక్కడ ఏం చూశావు?”

“చూసింది తర్వాత. ముందు ఎవరెంట పోతాండామనేది ముఖ్యం పాప. ఖల్ఫాన్ బాబా మజ్లిస్‌లో, అదే మగోళ్లు కూర్చునే హాల్లో, గోడంత టీవీ ఉండాది కదా, దాంట్లో వీడియో కాల్ పెట్టుకోని వేట కంపెనీలోళ్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతాండారు, నేను కరక్ చాయ్ పట్టుకోని పోతి. మొదటోడు మెళ్లో గోళ్లో పళ్లో ఏవో కట్టుకోనుండాడు, సింహం గ్యారంటీ, దున్న గ్యారంటీ, ఏనుగంటారా, మీ బండికి కట్టి పంపిస్తాం అన్నట్టు మాట్లాడతాండాడు, ఈ ఆశా వాళ్ల బాబా సోఫాలో కూర్చోలేక ఎగురుతాండాడు, అంతలో వాడన్నాడు చూడు, మా ప్యాకేజీలో ఒక అడవిపంది ఫ్రీ అని.”

“పందా! వాళ్లకా!” ఫేబా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“పందే. మజ్లిస్‌లో ఒక్కరు గూడా గ్లాసు ఎత్తలా. నేను ట్రే కింద పెట్టి, నా అరబ్బీ నా హిందీ కలిపి అడిగినా. నాయనా, దెబ్బ తగిలిన జంతువుకి ప్రాణముండగానే బిస్మిల్లా అని కోసే మనిషి నీ కాడ ఉండాడా? నీ పెనాల మీద ఇంతకుముందు ఏం వేయించినారు? అది గాక, ఏ నూనె? వాడు అన్నిటికీ ‘మాఫీ ముష్కిల్’ అంటాడు, వానికొచ్చిన అరబ్బీ అంతా అదే. ఏదడిగినా ఏం పర్లేదంట! నేను బాబాతో అంటి, బాబా, వీడొద్దు, నన్ను పంపిన కడప ఏజెంటు గూడా ఇట్లనే అన్నిటికీ పర్లేదన్నాడు, ఆస్పత్రిలో పనన్నాడు, ఏసీ రూమ్ అన్నాడు, వచ్చి చూస్తే మీ ఇల్లు.”

“అలాగే అన్నావా, ఆయన మొహం మీదే?” అంది రమణి.

“అననా మరి? ఆ మజ్లిస్‌లో నోరుండేది నాకొక్కదానికే. ఇంక రెండోవాడు చవక. ఎందుకు చవకరా అంటే తుపాకీ వేరే, బండి వేరే, తోలు తీసేవాడు వేరే. ఊపిరి పీల్చినా వేరే అంటాడేమో అని వాన్ని గూడా పంపించేస్తిమి. మూడోవాడు ముసిలాయన, తెల్ల గడ్డం, నవ్వనే నవ్వడు. టాంజానియాలోనే పుట్టినాడంట. ఆయనేమన్నాడో తెలుసా? దున్న దొరకొచ్చు, సింహం సంగతి నాకు తెల్దు, వాన పడితే దారి మూసుకుపోతాది, అప్పుడు టెంట్లో కూర్చోని ఒకరి మొహం ఒకరు చూసుకోవాల, ఖాళీ చేతుల్తో పోయినోళ్లు శానామంది, దోమలు మాత్రం గ్యారంటీ అన్నాడు. చిన్న బాబా మొహం మాడిపాయ. నేను వెనకాల నుంచి అంటి, ఈయనే. ఏం దొరకదో ముందు చెప్పేవాని ఎంట పోతే దొరికినంత మనకు లాభం. అంతే, ఖల్ఫాన్ బాబా తొడ కొట్టి, ‘అమ్మణ్ణీ, నువ్వు గూడా రా, నీ నోరు మాకు ఆడ కావాల’ అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“విమానం నువ్వే నడిపావు.”

“నడపలేదు మే రమణీ, అబద్ధం ఎందుకు. పైలట్ పక్క సీట్లో కూర్చున్యా, అంతే. చిన్న విమానం, చుట్టూ మబ్బు, పాపం ఆ పిల్లోనికి దిక్కు తెలీక చెమట్లు పడతాండాయి. నేను కిటికీ తీసి వాసన పట్టి, అదో ఆ పక్క కట్టెల పొయ్యి మండుతాంది, అట్ల దించు నాయనా అంటి. దించినాడు. సరిగ్గా వంట టెంటు ముందర.”

“ఆకాశంలో కిటికీ తీశావా?” అంది ఫేబా.

“కొంచెమే తీసినాలే.”

రమణి నవ్వు పొంగి బాల్కనీ కింద మెకానిక్ షెడ్డు వాళ్లు తలెత్తి చూశారు. అమ్మణ్ణక్క పైట సర్దుకుంది. ఆవిడకి జనం పెరిగితే ఇంకా ఊపు.

“మొదట్లో వేటకి పోవడం, ఉత్త చేతుల్తో రావడం. చిన్న బాబా ఒకటే సణుగుడు, ఆ గోళ్లు కట్టుకున్నోడే నయం, గ్యారంటీ ఇచ్చినాడు అని. ఆ మాట నాకు తగిలింది. ఎంచింది నేను కదా! పప్పు ఉడకేసినా. మా రాజంపేట ఎండుమిరపకాయలు గుప్పెడు, వెల్లుల్లి, ఆవాలు, ఇంగువ, కాగే నూనెలో వేసినా చూడండి, ఘాటు లేచింది. లేచి టెంటు దాటింది, ఏరు దాటింది, గాలి ఎటు పోతే అటు పోయి అడవంతా పట్టుకునింది. కోతులు తుమ్మినాయి. జీబ్రాలు తుమ్మినాయి. జిరాఫీలు గూడా తుమ్మినాయి గానీ వాటి మెడ పొడుగు కదా, తుమ్ము పైకొచ్చేతలికి సాయంత్రమాయ. బాబా వాళ్లు ఒక పొద చుట్టూ ఊరికే తిరుగుతాండారు, ఆ పొదలో నుంచి హాఛ్ అని! ముసిలాయన చెయ్యెత్తి, ఎవరూ కదలొద్దు, అది సింహం తుమ్ము అన్నాడు.”

“సింహం తుమ్ము తెలిసిపోతుందా?” అడిగింది ఫేబా, పేషెంటుని అడిగినట్టు.

“తెలీకేం? మనమైతే చెయ్యి అడ్డం పెట్టుకుంటాం. అది పెట్టుకుంటాదా?”

“సరే, తర్వాత?”

“తర్వాత ఘాటు తగ్గి వాసన మిగిలింది. ఆ వాసనకి దున్నలు లైనుకొచ్చినాయి. రేషన్ షాపు ముందర నిలబడినట్టు ఒకదాని వెనకాల ఒకటి, ఆడదున్నలది వేరే లైను. ఏనుగు తొండంతో అరిటాకు తెచ్చుకుని నిలబడింది. నేనేమో సంగటి కెలుకుతాండా, రాగిసంగటి, అప్పుడే దించింది, ముద్ద చేస్తే గుండ్రాయి మాదిరి ఉండాది. అంతలో ఒక మొండి దున్న లైను తప్పి ముందుకు దూకింది, ముసిలాయనకి తుపాకి ఎత్తే టైము గూడా లేదు, నేను చేతిలో ముద్ద విసిరినా. నుదురు మీద! దున్న కూలబడింది, బిస్మిల్లా మనిషి పరిగెత్తుకుంటా వచ్చి కోసినాడు, అంతా హలాల్. ముద్ద మాత్రం ఆగలా. దున్న నుదురు మీద నుంచి ఎగిరి, చెట్టుకి తగిలి తిరిగి, మళ్లీ తుమ్మేదానికి నోరు తెరిచిన సింహం నోట్లో పడింది. సంగటి మింగాల గానీ నమలకూడదని దానికేం తెలుసు? నమిలింది. పండ్లు అతుక్కపోయినాయి. ఇప్పటికీ నములుతానే ఉండాదంట, ఫోన్ చేస్తే చెప్పినారు.”

ఫేబా కళ్లు తుడుచుకుంటోంది. రమణి పొట్ట పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది.

“ముసిలాయన టోపీ తీసి నా ముందర పెట్టి, అమ్మా, ఇంక ఈ అడవి నీది, నువ్వే ఏలుకో అన్నాడు. అయ్యో వద్దు నాయనా, నాకు అజైబాలో డ్యూటీ ఉండాది అంటి.”

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ కథలో నాకు కావలసినదాని కోసం వెతుక్కుంటున్నాను. దొరకడం లేదు. కొండలమీద సూర్యుడు దిగిపోతున్నాడు.

“అక్కా, దున్న నడుస్తుంటే ఎలా ఉంటుంది?”

“దున్నా? దాని తొడ ఒక్కటి నలుగురు మోసుకొచ్చిరి మే. కార్జం ఇంత పెద్దది, నల్లంగా...”

“నడుస్తుంటే, అక్కా.”

“మూలగ అయితే వెన్న మాదిరి...”

“అది కాదక్కా. నీ కథలో అన్నీ వంట టెంటు దగ్గరికే వచ్చాయి. విమానం కూడా అక్కడే దిగింది. నువ్వు దేని దగ్గరికైనా వెళ్లావా?”

రమణి నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఎందుకడిగానా అనిపించింది. కానీ అడక్కుండా ఎలా? నా డిసెంబరు మొత్తం ఆ జవాబులో ఉంది.

అమ్మణ్ణక్క ఎండిన మెతుకులు కంచం అంచు నుంచి గోటితో తీస్తూ కూర్చుంది.

“బండి నిండిపోయేది పాప,” అంది చివరికి. “పొద్దు పొడవకముందే రొట్టెలు కట్టిచ్చేదాన్ని. బండి స్టార్టయ్యే చప్పుడు, పోయే చప్పుడు, అంతే నాకు. వాళ్లు వచ్చేటప్పటికి కూర కావాల. ఏ జంతువైనా తోలు తీసినాకే నా కాడికి వచ్చేది. అది ఏ రంగులో ఉండెనో చిన్న బాబా ఫోన్‌లో చూపిస్తే చూసినా. ఒక తెల్లారుజామున ఏనుగులొచ్చినాయి. నిజంగా వచ్చినాయి, ఇది కోత కాదు. టెంటు జిప్పు తీయొద్దని కేకలేసినారు. గుడ్డకి ఇవతల నేను, అవతల అవి. కొమ్మలు విరుస్తా, ఊపిరి తీస్తా... చెయ్యి పెడితే గుడ్డ మీదనే తగిలేది ఏమో. పెట్టలా.”

కింద షెడ్డులో ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతున్నారు.

“నువ్వు ఇప్పుడే అడుగు ఆశా,” అంది. “ఆ కంపెనీలోళ్లని కోసే మనిషి సంగతి అడిగినా, పెనం సంగతి అడిగినా. బండిలో నాకు సీటుందా అని ఒక్కటి అడగలా. ఆడికి పోయినాక ఎవరు వింటారు? ఫోన్ చెయ్. ఒక పొద్దు సీటు కావాలని చెప్పు. కాదు, రెండు పొద్దులను. ఒకటికి దిగొస్తారు.”

చేశాను. నంబరు ఒకసారి తప్పు నొక్కాను. మేడం ఎత్తింది, స్పీకర్‌లో పెట్టాను. నాకొచ్చిన హిందీలో అడిగాను. బండిలో నాకు రెండు పొద్దులు సీటిస్తే వస్తాను మేడం అని.

“సీటా?” ఆవిడకి కోపం రాలేదు, నిజంగానే అర్థం కాలేదు. “చిన్నపిల్లల్ని బండి ఎక్కించరు ఆశా. వాళ్లు క్యాంపులోనే ఉంటారు. వాళ్ల దగ్గర ఉండాలనే కదా నిన్ను రమ్మంటున్నది.”

“ఒక్క పొద్దు, మేడం.”

“లేనిది ఉందని ఎలా చెప్పను? అక్కడికొచ్చాక నువ్వు బాధపడతావు.”

మంచి మనిషి. ఏం దొరకదో ముందే చెప్పేసింది. నా ఎదురుగా ఎంత దూరం చూసినా ఆగని ఆ నేల, నేను ఎన్నడూ చూడనిది, జిప్పు వేసినట్టు మూసుకుపోయింది.

“అయితే నేను డిసెంబరులో ఇంటికెళ్తాను మేడం. మా చెల్లికి కానుపు.”

“సరే, వెళ్లు. నేను ఇంకెవరినైనా చూసుకుంటాను.”

పెట్టేయబోతుంటే అమ్మణ్ణక్క నా మణికట్టు పట్టుకుంది. పొయ్యి దగ్గర కాలి కాలి గట్టిపడిన చెయ్యి.

“ఉండు, పెట్టొద్దు. అమ్మణ్ణి వస్తాదంట అని చెప్పు.”

ఫోను అరచేత్తో మూశాను. “అక్కా, సీటు లేదని ఇప్పుడే చెప్పింది కదా!”

“విన్యాలే.”

“మరి?”

“ఆ టెంటు వెనకపక్క ఒక కుట్టు వదులైంది. పోయినసారి వేలు పట్టేంత ఉండె,” అంది అమ్మణ్ణక్క, గొంతు బాగా తగ్గించి. “ఈసారి కన్ను పట్టేంత చేసుకుంటా. చెప్పు మే, పెట్టేస్తాది.”