ముల్లు కోసం నిలబడ్డ దండాసి

దండాసని ఒకడుండీవోడు. మనిషేటి మనిషి, ఒడ్డున నడిస్తే ఇసక దిగబడిపోయీది. వల లాగమంటే ఆయాసం, సేపలేరమంటే నడుం వంగదు. అలాటోణ్ణి కొర్లయ్య తన బోటులో ఎందుకెట్టుకున్నాడో తెలుసా? డీజిలు మీటరు కోసం. నవ్వకండి, సెప్పనీండి. కొర్లయ్యది పాత బోటు, వాళ్ల నాన్న నాటిది. డీజిలు టాంకీలో ఒక బెండుంటాది, మన వల బెండులాటిదే అనుకోండి, దానికో కమ్మీ. డీజిలు ఎక్కువుంటే బెండు తేల్తాది, డ్రైవరు ముందర మీటర్లో ముల్లు పైకి లేస్తాది. ఆ కమ్మీ తుప్పట్టి బిగిసిపోనాది. టాంకీ నిండా పోసినా ముల్లు కిందే పడుంటాది. ఏటైందంటే, ఒకరోజు ఊరికే బోటెక్కిన ఈ దండాసి ఉమ్మడానికని ఎడం పక్కకెల్లి నిలబడ్డాడు. బోటు అటు ఒరిగినాది. బిగిసిన కమ్మీ కాస్తా జారి, ముల్లు టక్కున లేచి సరిగ్గా ఉండాల్సినకాడ నిలబడిపోనాది. ఇంకేటి, ఆ రోజు నుంచి ఆడికి అదే ఉజ్జోగం. కొర్లయ్య లేవరా దండాసీ అంటాడు, ఈడు నిద్దర్లోంచి లేచి ఎడం పక్క నిలబడతాడు, ముల్లు లేస్తాది, సాల్రా అంటాడు, ఈడు మళ్లీ పడుకుంటాడు. ఖాళీ కడుపుతో నిలబడితే బోటు సరిగ్గా ఒరగదంట! అందుకని అందరికంటే ముందు దండాసికే కూడు. మిగిలినోళ్లు వల లాగి లాగి ఒచ్చీసరికి కుండలో పులుసే మిగిలీది. వాటా మాత్రం అందరితో సమానం.

ఇలా జరుగుతుంటే, ఇంజను పనికని సుభానీ అనే మెకానిక్కు ఒచ్చినాడు. ఈ తంతు సూసి పొట్ట పట్టుకుని నవ్వినాడంట. మూరెడు కమ్మీ కోసం మనిషిని మేపుతున్నావా కొర్లయ్యా, గంటలో బాగుసేసిస్తాను అన్నాడంట. దండాసికి ఇంకే పనీ రాదు, ఇంకే బోటోడూ ఎక్కించుకోడు, ఇంటికాడ పెళ్లాం ఆదెమ్మ, ముగ్గురు పిల్లలు. సుభానీ ఎనకాలే తిరిగి బతిమాలుకున్నాడంట. "బాయ్, అది బాగయితే నాను పాడైపోతాను. ఆ ముల్లు కింద పడుంటేనే నా ఇంట్లో పొయ్యి ఎలుగుతాది." సుభానీకి జాలేసినాది గానీ, సెడిపోయింది కనపడితే ఆడి సెయ్యి ఊరుకోదు కదా. టాంకీ మూత ఇప్పీసి, కమ్మీ పైకి లాగి, తుప్పు గీకి, పాత బెండు తీసి కొత్తది కట్టి బిగించీసినాడు. ఎవుడూ నిలబడకుండానే ముల్లు లేచి కూకున్నాది. కొర్లయ్య దండాసిని ఒడ్డునే దింపీసినాడు.

బాగయింది కదా, సుఖపడాలి కదా? పడలేదు. ముందైతే రోజుకి మూడుసార్లు సూసీవోడు. ఇప్పుడు ముల్లు ఎప్పుడూ కళ్లెదురే. ఎప్పుడు సూసినా ఇందాకటికంటే కిందే. ఇంజను తాగుతుంటే దిగదేటి మరి? కొర్లయ్యకి సెమట్లు. అయ్యబాబోయ్ తగ్గిపోతన్నాది, ఎనక్కి తిప్పండ్రా అనీవోడు. నాలుగు రోజులు వల ఎయ్యకుండానే తిరిగొచ్చీసినారు. పక్క బోటోళ్లు వంజరాలు, సందువా సేపలు దింపుతుంటే ఈళ్లు పొడి వల మడతెట్టుకున్నారు. ఐదో రోజు కొర్లయ్య తిన్నగా దండాసి ఇంటికెల్లి, రారా బోటెక్కు అన్నాడంట. మీటరు బాగయింది కదా మావా, నాతో పనేటి అని దండాసి. కొర్లయ్య ఏటన్నాడో ఇనండి. "బాగయిందిరా, అదే నా కర్మ. నువ్వొచ్చి ఎడం పక్క నిలబడు, దాన్ని కాస్త పైకి సూపించు. నా గుండె నిబ్బరంగా ఉంటాది."

బెండున్నది టాంకీలో ఎడం పక్క. దండాసి అక్కడ నిలబడితే డీజిలంతా అటే పోగవుతాది, బెండు తేల్తాది, ముల్లు ముప్పాతిక సూపిస్తాది. ఇంక కొర్లయ్యకి భయమేటి? ఒడ్డు కనపడనంత దూరం తోలీసినాడు. సేపలూ అలాగే పడ్డాయి, బోటు నిండిపోనాది. తిరిగొస్తుంటే ఇంజను టక్ టక్ మని ఆగిపోనాది. ఎందుకాగదు? ఇంజనుకి డీజిలెల్లే గొట్టం టాంకీలో కుడి పక్కనున్నాది, డీజిలు సూస్తే దండాసి పక్కనున్నాది. ఈడు రెండడుగులు ఇటేస్తే సాలు, ఇల్లు సేరిపోదురు. అబ్బే, డీజిలు ముప్పాతికుంది, ఇంజనుకే ఏదో అయినాదని దాన్ని ఇప్పి బిగించి, ఇప్పి బిగించి సచ్చినారు. ఎండ నడినెత్తికొచ్చినాది, సేపలు కంపెక్కుతున్నాయి. దండాసికి కాళ్లు పీకుతున్నాయి పాపం, కాసేపు కూకుంటాను మావా అన్నాడు. కొర్లయ్య పరిగెత్తుకొచ్చి ఆడి రెండు సేతులూ పట్టీసుకున్నాడు. "నీ కాళ్లు మొక్కుతానురా, కదలకు. ఇంజనెలాగూ సచ్చినాది. నువ్వు కదిలితే ఉన్న డీజిలు కూడా అయిపోతాది."

సాయంత్రానికి ఎవులో పక్కూరి బోటోళ్లు తాడేసి లాక్కొచ్చినారు. దండాసి ఒడ్డున దిగీసరికి బోటు తిన్నగా అయినాది, ముల్లు కిందకి పడిపోనాది, ఇంజను ఒక్క తిప్పుకి అందుకున్నాది. సూసినారా, ఈడు దిగ్గానే డీజిలు ఎలా పోనాదో అని కొర్లయ్య ఊరందరికీ సూపించినాడు. దండాసి ఉజ్జోగానికి మరి తిరుగులేదు.

ఎర్రోళ్లని నవ్వుతున్నారు గానీ, ఆ రోజు ఆ బోటులో ఏడుగురం ఉన్నాం. అవును, నానూ ఉన్నాను, ఇంతసేపూ అంట అంట అన్నాను గానీ. గొట్టం కుడి పక్కుందని నాకు తెలుసు, ఏటా ఆ టాంకీ కడిగీవోణ్ణి నానే. ఇటు రారా దండాసీ అని ఒక్క మాట అంటే సాలు. అన్లేదు. నడి సంద్రంలో ఆ ముల్లు సూస్తుంటే ధైర్యంగా ఉండీది మరి.