కనురెప్పకి తెలియని కుట్టు

"నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, పరిగెత్తే ఆడదానికి లోపలి బట్ట ఎంచి ఇవ్వడంలో ఈ ఊళ్ళో ఎవరైనా సరే నా తర్వాతే. కూర్చో కండక్టరమ్మా, రేపు పొద్దున్నే పరుగు పెట్టుకుని ఇవాళంతా నిలబడే ఉంటావా ఏంటి? నర్సమ్మా, కాస్త జరుగు. ఏమే, ఫ్లాస్కులో టీ మిగిలి ఉంటే కండక్టరమ్మకి పొయ్యవే."

ఆడవాళ్ళ లోపలి బట్టలమ్మే ఆ కొట్టు ఆమెదే. వీధిలో అందరూ ఆమెని కొలతలక్క అంటారు. టీ పొయ్యమన్నది తోడికోడలిని, అంటే మరిది భార్యని. ఆమెని చిన్నక్క అంటారు. కిటికీ కింద స్టూలు వేసుకుని ఊడిపోయిన హుక్కులు కుడుతూ ఉంటుంది. పక్క క్లినిక్కులో పనిచేసే నర్సు సాయంత్రం డ్యూటీ దిగగానే ఈ కొట్టు మెట్ల మీదే టీ తాగుతుంది. కండక్టర్ మాత్రం ఎప్పుడో గాని రాదు. ఇవాళ బస్సు దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చింది.

ఫైర్ సర్వీసులో ఆడవాళ్ళని తీసుకుంటున్నారు. కండక్టర్ రాత పరీక్ష గట్టెక్కింది, ఇక మిగిలింది రేపటి పరుగే. మైదానం చుట్టూ తిరగాలి, మధ్యలో ఆగితే ఇంటికి పొమ్మంటారు. వయసు లెక్కన ఆమెకి మళ్ళీ అవకాశం లేదు. పరిగెత్తడానికి ఏది వేసుకుంటే ఒరుసుకోదో చెప్పక్కా అని వచ్చింది. అడిగింది అంతే.

"ఏది వేసుకోవాలో నేను చెప్తాను," అంది కొలతలక్క గంభీరంగా. కథ చెప్పేటప్పుడు ఆమె నవ్వదు, ఎవరైనా నవ్వితే నొచ్చుకుంటుంది కూడా. "ఇదే ఉద్యోగానికి, ఇదే మైదానంలో కిందటిసారి మా తోడికోడలు పరిగెత్తింది. ఇదిగో, ఎదురుగానే ఉంది, నేను కల్పించి చెప్తే అదే అడ్డుకుంటుంది. దానికి లోపలి బట్ట ఎంచి ఇచ్చింది నేను. అంతే, అంతకుమించి నేను చేసిందేమీ లేదు, గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు మొదట్నుంచీ లేదు."

"పరిగెత్తింది ఆవిడ కదా," అంది నర్సు.

"అదే పరిగెత్తింది, కాదనను. కానీ నర్సమ్మా, కాళ్ళు అందరికీ ఉంటాయి. పరిగెత్తే ఆడదాన్ని ఆపేది కాళ్ళు కాదు, ఆయాసమూ కాదు, తొడ మొదట్లో ఉండే కుట్టు. నడిచినంతసేపూ అది నోరెత్తదు. కొట్లో అద్దం ముందు నిలబడి చూసుకుంటే మహా బుద్ధిమంతురాలిలా ఉంటుంది. చెమట పట్టనీ, అప్పుడు బయటపడుతుంది దాని అసలు రంగు. అందుకని నేనేం చేశానంటే, కొట్లో సరుకంతా కింద పరిచి, ఒక్కొక్కటే తిరగేసి, ఆ కుట్టుని నా కనురెప్ప మీద రాసుకుని చూశాను. ఇలా, కళ్ళు మూసుకుని. ఒంట్లో కనురెప్ప కంటే పల్చటి చర్మం ఇంకెక్కడైనా ఉందా చెప్పండి. కనురెప్పకి తెలియని కుట్టు తొడకి మాత్రం ఎలా తెలుస్తుంది? ఇది నాకు ఎవరూ నేర్పింది కాదు, నా బుర్రకే తట్టింది."

"దొరికిందా మరి?" అంది కండక్టర్.

"ఎక్కడ దొరుకుతుందమ్మా, ఒకటి గీరుతుంది, ఒకటి చుర్రుమంటుంది. కొట్టు సరుకు అయిపోయింది. హోల్‌సేల్ గోడౌనుకి వెళ్ళి పెట్టెలన్నీ విప్పించాను, అదీ అయిపోయింది. ఇక లాభం లేదని ఫ్యాక్టరీకే వెళ్ళి కూర్చున్నాను. ఆ మేనేజరు, ఎంత పెద్ద మనిషనుకున్నారు, నన్ను చూసి మిషన్లన్నీ ఆపించేసి, మీ కనురెప్ప ఒప్పుకునేదాకా మా ఫ్యాక్టరీ నుంచి ఒక్క ముక్క బయటికి పోదమ్మా అన్నాడు. పనివాళ్ళంతా నా చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నేను రుద్దుతున్నాను, పక్కన పడేస్తున్నాను, రుద్దుతున్నాను, పడేస్తున్నాను. అప్పుడు తగిలింది ఇది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెప్ప మీద పెట్టుకున్నాను, పెట్టుకున్నట్టే తెలియలేదు, ఆ హాయికి అక్కడే కూర్చుని నిద్రపోయాను."

"ఫ్యాక్టరీలోనా?"

"ఫ్యాక్టరీలోనే. లేపడానికి ఎవరికీ మనసొప్పలేదట."

కండక్టర్ నవ్వబోయి, కొలతలక్క మొహం చూసి ఆగిపోయింది. కొలతలక్క లేచి, పై అర నుంచి ఒక అట్టపెట్టె దించి, పసిబిడ్డని అందించినట్టు రెండు చేతులతో కండక్టర్ ఒళ్ళో పెట్టింది.

"ఇదే ఆ రకం. తాకి చూడు. పరుగు రోజు పొద్దున్నే, ఇంకా ఇంట్లో ఎవరూ లేవకముందే, పెట్టె సీలు నేనే విప్పి, మడత నలగకుండా దీని చేతిలో పెట్టాను. ఇంట్లో పెద్దదాన్ని, నా చేత్తో కొత్తది ఇస్తున్నాను, ఇదే వేసుకుని వెళ్ళు, వేరే ఆలోచన పెట్టుకోకు అన్నాను. ఏమే, అన్నానా లేదా?"

"అన్నావక్కా," అంది చిన్నక్క, చేతిలో హుక్కు మీంచి చూపు తిప్పకుండా.

"విన్నారుగా. ఇక చూడండి. ఈల ఊదారు. మొదటి చుట్టులో ఇది అందరితో పాటే ఉంది, నేను కళ్ళారా చూశాను."

"మీరు మైదానానికి వెళ్ళారా?" అంది నర్సు.

"గేటు దాకా వెళ్ళాను. గేటు దగ్గర్నుంచి కనపడదా? నువ్వు రోగుల్ని కూడా ఇలాగే అడ్డుపడి చంపుతావా నర్సమ్మా? రెండో చుట్టుకి మిగతావాళ్ళంతా చెమటలు కక్కుతున్నారు, ఒకావిడ నడుం దగ్గర సర్దుకుంటోంది, ఇంకో ఆవిడ బ్రా పట్టీ జారి భుజం ఎగరేస్తోంది, మా తోడికోడలికి మాత్రం ఏమీ లేదు. ఒంటి మీద అసలు బట్ట ఉందా లేదా అని అనుమానం వచ్చి ఒకసారి తడిమి చూసుకుందట, అంత తేలిక. ఇక అక్కడ్నుంచి దాని వేగం చూడాలి. ముందున్నవాళ్ళని దాటింది, దాటి దాటి చుట్టు తిరిగొచ్చి మళ్ళీ వాళ్ళ వెనక్కే చేరింది. చూసేవాళ్ళు అయ్యో, ఈ అమ్మాయి అందరికంటే వెనకబడిందే అనుకున్నారు. అదీ లోకం తీరు. పక్కన నిలబడి చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది చెప్పండి, ఎవరు ముందున్నారో ఎవరు వెనకున్నారో?"

ఆ మాట అన్నప్పుడు కొలతలక్క గొంతు కొంచెం గట్టిపడింది. వీధిలో ఎవరో ఎప్పుడో అన్న మాటకి ఇప్పుడు జవాబు చెప్తున్నట్టు ఉంది.

"ఆగుదామనుకుంది, కానీ ఎక్కడా నొప్పి లేకపోతే ఆగాలని ఒంటికి ఎలా తెలుస్తుంది? గేటు దాటేసింది. డిపో రోడ్డు పట్టింది. బస్సుని దాటింది."

"ఏ బస్సు?" అంది కండక్టర్.

"నీ బస్సే. నువ్వు చిల్లర వెతుక్కుంటూ తలెత్తలేదు. వంతెన దాటింది, పక్క ఊరు దాటింది, ఆ పక్క ఊరూ దాటింది, చివరికి రోడ్డు అయిపోయి సముద్రం వచ్చింది. మామూలు బట్ట వేసుకున్నదైతే అక్కడ ఆగి సర్దుకునేది. ఇది ఆగలేదు. పాదం పెట్టి తీసేంతలో పక్కకి తప్పుకోవడానికి నీళ్ళకే టైం చాల్లేదు, ఇక మునగడం ఎక్కడిది? చీలమండ కూడా తడవలేదు. అవతలి ఒడ్డున అధికారులు కాగితాలు చూపించమ్మా అంటూ నోరు తెరిచారు, వాళ్ళు నోరు మూసేసరికి ఇది రెండు దేశాలు దాటిపోయింది."

"పొద్దుపోయి ఉండాలే అప్పటికి," అంది నర్సు.

"పొద్దుపోవడమా! అక్కడే ఉంది అసలు సంగతి. ఇది పరిగెత్తేది తూర్పుకి. సూర్యుడు ఎదురొచ్చాడు, దాటేసింది. మధ్యాహ్నాన్ని దాటింది, పొద్దుటిని దాటింది. దాటుకుంటూ దాటుకుంటూ మళ్ళీ మన మైదానానికే వచ్చి పడింది. వచ్చి చూస్తే ఏముంది? గీత దగ్గర వరసగా నిలబడి ఉన్నారు ఆడవాళ్ళు. ఆ వరసలో ఇదీ ఉంది, ఇంకా ఈల కోసం ఎదురుచూస్తూ. తనని తను చూసుకుంది. ఒట్టు, అబద్ధమైతే నా నాలుక తెగిపడాలి."

నర్సు టీ గ్లాసు కింద పెట్టేసి నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఇక పెద్దాఫీసరు వచ్చాడు. చేతులు జోడించాడు. అమ్మా, ఇలాంటి పరుగు మేం పుట్టి ఎరగం, కానీ ఈల ఊదకముందే పరుగు పూర్తి చేసినవాళ్ళని తీసుకోవడానికి మా రూల్సులో చోటు లేదు అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దీనికి ఉద్యోగం రాకపోవడానికి కారణం అదీ, ఇంకేం కాదు. వీధిలో ఎవరు ఏమైనా అనుకోనీ, జరిగింది ఇది. ఇంటికొచ్చాక నేనే చూశాను, తొడల మీద గోరంత ఎరుపు లేదు, బట్ట మీద చెమట చుక్క లేదు. మళ్ళీ మడతపెట్టి పెట్టెలో పెడితే కొత్తదే."

కండక్టర్ ఒళ్ళో పెట్టె వైపు చూసుకుంది. మూత తీసి, వేలితో అంచు తడిమింది. మెత్తగానే ఉంది.

"సముద్రం సంగతి నాకెందుకులే అక్కా. గోరంత ఎరుపు లేదన్నావు, నాకు అది చాలు. రేపు నేను ఆగకుండా ఉంటే చాలు. ఇదే తీసుకుంటా, పొద్దున్నే విప్పి వేసుకుంటా."

"వద్దు," అంది చిన్నక్క.

అందరూ కిటికీ వైపు తిరిగారు. ఆమె సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది.

"రేపు కొత్తది వేసుకోకు కండక్టరమ్మా. ఎంత మంచిదైనా సరే, ఎవరు చేతిలో పెట్టినా సరే వేసుకోకు. నేను మూడో చుట్టులో కూర్చుండిపోయాను."

"మధ్యలో నువ్వేంటే?" అంది కొలతలక్క. "ఈల దగ్గర జరిగింది నేను చెప్తూనే ఉన్నానుగా..."

"మూడో చుట్టులోనే అక్కా. ఒక్కసారి కూడా ఉతకని గుడ్డ, బిగుసుకుని ఉన్న కొత్త ఎలాస్టిక్కు. మొదటి చుట్టులో గరగరలాడింది. చెమటకి తడిశాక అంచు లోపలికి కోసుకుంటూ వచ్చింది. కాళ్ళు ఎడంగా పెట్టుకుని పరిగెత్తాను, గట్టు మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఇక అడుగు పడక కూర్చుండిపోయాను. నాకు ఆయాసం లేదక్కా. అదే నాకు ఇప్పటికీ ఏడుపు. ఊపిరి ఉంది, కాళ్ళలో సత్తువ ఉంది, ఇంకా ఎంతసేపైనా పరిగెత్తేదాన్ని. ఈ గుడ్డ ముక్క వల్ల లేవలేకపోయాను."

కొలతలక్క ఆమెనే చూస్తోంది. నెమ్మదిగా అంది: "నాకెందుకు చెప్పలేదే?"

"ఎప్పుడు చెప్పను? ఆ రోజు ఇంటికొచ్చాక నేను స్నానాల గదిలో తలుపేసుకుని ఉన్నాను. నీళ్ళు తగిలితే అరుపొస్తోందని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. ఉద్యోగం రాలేదని అప్పటికే మా ఆయన నీకు ఫోన్ చేసినట్టున్నారు. ముందు గదిలో నువ్వు అత్తగారికి, పక్కింటివాళ్ళకి చెప్తున్నావు, మా చెల్లి గాలిలా పరిగెత్తింది, తప్పంతా ఆఫీసర్లదే అని. గోడ ఇవతల నాకు ప్రతి మాటా వినపడుతోంది. ఓడిపోయి వచ్చానని నన్ను ఎవరూ ఒక్క మాట అనకూడదనే చెప్పావు, నాకు తెలుసు. నిజంగానే నా ఎదుట ఎవరూ అనలేదు. అందుకే నేనూ ఊరుకున్నాను, ఇన్నాళ్ళూ నువ్వు చెప్తుంటే వింటూ కూర్చున్నాను. కానీ రేపు తప్పితే ఈవిడకి మళ్ళీ పరుగు లేదక్కా."

కండక్టర్ పెట్టె మూత మెల్లగా మూసేసింది.

"రోజూ పరిగెత్తేటప్పుడు ఏది వేసుకుంటున్నావు?" అని అడిగింది చిన్నక్క.

"ఒకటుంది, పాతది. రంగంతా వెలిసిపోయింది. నడుం దగ్గర కాస్త వదులైంది కూడా. రేపు అంతమంది మధ్య అది వేసుకోవడం ఏం బాగుంటుందని..."

"ఎప్పుడైనా ఒరుసుకుందా?"

"లేదు. ఉన్నట్టే తెలియదు."

"అదే వేసుకో. ఇవాళే ఉతికి ఆరేసుకో. పైన బ్రా కూడా అలవాటైనదే వేసుకో. లోపలేముందో అక్కడెవరూ చూడరు."

నర్సు లేచి, పెట్టె అందుకుని బల్ల మీద పెట్టింది. కండక్టర్ చిన్నక్క భుజం మీద చెయ్యి వేసి ఒత్తి, మెట్లు దిగి వెళ్ళింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురూ చూశారు.

కొలతలక్క స్టూలు దగ్గరికి వెళ్ళి, తోడికోడలి పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ రోజు మైదానం నుంచి ఇంటికి ఎలా వచ్చావే?"

"నడిచే వచ్చానక్కా. బస్సులో కూర్చోవడానికి వీల్లేకపోయింది."