చివరి స్లైడు

గనిలో గ్యాసు పేలి ముగ్గురు పోయిన పదోరోజు, విచారణకు గంట ముందు, క్వీన్స్‌లాండ్ బొగ్గుగని ఆఫీసులో మేనేజర్ డార్సీ ఇంజనీరు రోవన్ ల్యాప్‌టాప్‌ని గోడకేసి బద్దలుకొట్టాడు. ఆపైన రోవన్ మూతి పగిలేలా గుద్దాడు.

"విచారణలో చూపే స్లైడులో గ్యాసు గీత కిందికి దించమంటే దించవేంరా? మౌస్‌తో పట్టుకుని లాగితే చాలదూ!"

"అది చేత్తో గీసిన బొమ్మ కాదు డార్సీ. నేను ప్రోగ్రాం రాశాను. మీటరు రీడింగులు చదివి స్లైడ్లన్నీ అదే తయారుచేస్తుంది."

"అయితే గని పేలిన పొద్దుటి రీడింగులు పీకెయ్."

"ఆ పొద్దున మీకు రెండుసార్లు ఫోన్ చేశాను. మనుషుల్ని కిందికి దింపొద్దన్నాను."

డార్సీ రోవన్ జుట్టు పట్టుకుని తల బల్లకేసి బాదాడు. "పీకుతావా, వేళ్ళు విరిచెయ్యమంటావా?"

"నా ల్యాప్‌టాప్ పగలగొట్టారుగా."

"నా దాంట్లో చెయ్. కూర్చో!"

సర్వర్లోంచి ప్రోగ్రాం తెరిచి, మీటల మీద నెత్తురు పడుతుండగా రోవన్ టైపు చేశాడు. గీత దిగిపోయింది.

"ఈ మాత్రానికి ఇన్ని తన్నులు తినాలా?" అన్నాడు డార్సీ.

"మీరు చివరి స్లైడు చూసుకోరా?"

"ఏముంటుందిలే, థాంక్యూ అనేగా!" డార్సీ తన కంప్యూటర్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఊగుతున్న పన్నును నాలుకతో తోస్తూ రోవన్ మూసిన తలుపుతో అన్నాడు:

"కాదు. ఏ రీడింగు ఎప్పుడు తీసేశారో, ఎవరి కంప్యూటర్లో తీసేశారో, పేరుతో సహా ప్రోగ్రామే అక్కడ రాసిపెడుతుంది."